పెన్సిల్ చూసిన లోకం

హయావో మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’లో చిహిరో అనే పదేళ్ల పిల్ల ఉంటుంది. అమ్మానాన్నలు పందులైపోయారు. దేవతలు స్నానాలకొచ్చే ఒక పెద్ద సత్రంలో తను పనికి కుదిరింది. పరాయిచోటు, పరాయి మనుషులు, కన్నీళ్లకి కూడా తీరిక లేని చాకిరీ. అంత గొడవ మధ్యలో ఒకసారి ఆ పిల్ల బూట్లు వేసుకుంటుంది. కాళ్లు దూర్చాక, బూటు ముందుభాగం నేలకేసి తట్టి, పాదం సర్దుకున్నాక పరుగెడుతుంది. కథకి ఆ తట్టడంతో పనేమీ లేదు. తీసేసినా ఎవరికీ లోటు తెలియదు. కానీ బడి ఆటో హారన్ కొడుతుంటే గుమ్మం దగ్గర నేలని తన్నుతూ బూట్లు సర్దుకునే పిల్లల్ని చూసిన ఏ తల్లికైనా, తండ్రికైనా, చిహిరో ఆ క్షణంలో సొంత పిల్లయిపోతుంది.

మామూలు సినిమాలో అయితే ఇది ఊరికే వచ్చేది. బాలనటి చేత బూట్లు వేయిస్తే, ఆ అలవాటు దానంతట అదే కెమెరాలో పడుతుంది. దర్శకుడికి ఆ ఆలోచన లేకపోయినా పడుతుంది. గీసే సినిమాలో ఊరికే వచ్చేది ఏదీ లేదు. గాలికి చెదిరిన ముంగురులు, తలుపు తీసేముందు చెయ్యి కాస్త తటపటాయించడం, మెట్లు దిగేటప్పుడు గోడని పట్టుకున్న వేళ్లు, ఇవన్నీ ఎవరో ఒకరు కావాలనుకుని, గుర్తుతెచ్చుకుని, కాగితం మీద పెడితేనే ఉంటాయి. చేత్తో గీసిన యానిమేషన్ సినిమా నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచింది ఇందుకే. అక్కడ కదిలే ప్రతిదాన్నీ ముందుగా ఒక మనిషి కళ్లప్పగించి చూశాడు.

ఆ చూపు ఎంత శ్రమతో తెరమీదికి వస్తుందో లెక్క వేసుకుంటే గుండె బరువెక్కుతుంది. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు కావాలి. గంటన్నర సినిమాకి 1,29,600 ఫ్రేములు. తెరమీద ఎప్పుడూ ఒక్క పాత్రే ఉందనుకున్నా 64,800 బొమ్మలు. చేయి తిరిగిన చిత్రకారుడు కదలికలో ముఖ్యమైన భంగిమల్ని గీస్తాడు. వాటి మధ్య ఖాళీల్ని పూరించే బొమ్మలు ఇంకొకరు గీస్తారు. అడుగున దీపం వెలిగే బల్ల మీద కాగితాలు ఒకదానిపై ఒకటి పేర్చి, వేళ్ల సందుల్లో పట్టుకుని, ముందుకీ వెనక్కీ తిప్పిచూసుకుంటూ, గీత ఎక్కడ బెసికిందో కనిపెడతారు. మియజాకి 2013 సినిమా ‘ద విండ్ రైజెస్’లో 1923 నాటి కాంటో భూకంపం ఘట్టం ఉంది. అందులో జనం కిక్కిరిసి కదిలే ఒక దృశ్యం తెరమీద నాలుగు సెకన్లుంటుంది. దాన్ని ఎయిజి యమమొరి అనే చిత్రకారుడు ఏడాది మూడు నెలల పాటు గీశాడు. మూటలు మోసేవాళ్లు, పిల్లల్ని లాక్కెళ్లేవాళ్లు, తోసుకునేవాళ్లు, ఆ గుంపులో ఒక్కో మనిషిదీ ఒక్కో తొందర. గుంపు మొత్తాన్నీ ఒకే మందలా కదిలిస్తే పని త్వరగా అయిపోయేది. అలా చెయ్యకపోవడంలోనే గీసినవాళ్ల మర్యాద ఉంది. నూరేళ్ల కిందట ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న జనంలో ఒక్కొక్కరినీ విడిగా గౌరవించినట్టు అనిపిస్తుంది నాకు.

చూడటం అన్నాను కదా. అది ఎంత దూరం వెళ్తుందో ‘స్పిరిటెడ్ అవే’ తయారీ మీద వచ్చిన డాక్యుమెంటరీలో కనిపిస్తుంది. గాయపడిన డ్రాగన్ నోరు తెరిపించి చిహిరో మందు మింగించే ఘట్టం ఒకటుంది. కుక్కకి మాత్ర వేసేటప్పుడు దవడ పట్టుకుంటాం చూడండి, అలా ఉండాలని మియజాకి తన బృందానికి చెప్తాడు. అక్కడున్న కుర్రవాళ్లలో కుక్కని పెంచినవాళ్లే లేరు. దాంతో వాళ్లు పశువుల ఆసుపత్రికి వెళ్లి, కుక్క నోరు తెరిపించి, చిగుళ్లూ దవడా ఎలా కదులుతాయో చూసుకుని వచ్చారు. లోకంలో లేని డ్రాగన్ని గీయడానికి ఉన్న కుక్క నోట్లోకి తొంగిచూశారు. తెరమీద ఆ జంతువు గింజుకుంటుంటే మన చేతులు కూడా బిగుసుకుంటాయంటే కారణం అదే. ‘బాంబీ’ (1942) గీసే రోజుల్లో డిస్నీ స్టూడియోకి నిజం జింకపిల్లల్ని తెచ్చి కళ్లెదుట ఉంచుకున్నారు. ఆ సినిమాలో అడవి మాత్రం టైరస్ వాంగ్ అనే చైనా వలసదారు ఊహలోంచి వచ్చింది. సాంగ్ వంశకాలపు చైనా చిత్రకళ మీద ప్రేమతో అతను ఆకుల్ని ఒక్కొక్కటిగా చెక్కకుండా, పొగమంచులో కరిగిపోయే రంగులతో అడవిని సూచించి వదిలేశాడు. జింకని ఎంత నిశితంగా గీశారో అడవిని అంత తేలికగా విడిచిపెట్టారు. ఏది గీయాలో, ఏది గీయకుండా ఉంచాలో తెలిసిన చేతుల పని అది.

కదలకుండా ఉంచడం ఇంకా కష్టం. 1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలిస్‌లో ‘స్నోవైట్’ మొదటిసారి ప్రదర్శించేనాటికి, గంటకి పైగా నడిచే కార్టూన్ని జనం కూర్చుని చూస్తారా అని చాలామందికి అనుమానం. స్నోవైట్ చనిపోయిందనుకుని మరుగుజ్జులు ఏడ్చే ఘట్టాన్ని ఫ్రాంక్ థామస్ గీశాడు. ఆ మరుగుజ్జులు దాదాపు కదలరు. వంగిన తల, చెంప మీద జారే బొట్టు, అంతే. అప్పటిదాకా గంతులు వేయించి నవ్వించిన కళ అది. అక్కడ గీతని అణచిపట్టి, జనాన్ని ఏడిపించారు.

నాకు ఇష్టమైనది మాత్రం ఇసావో తకహత చివరి సినిమా, ‘ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కాగుయా’. అదీ 2013లోనే వచ్చింది. దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. వెదురు బొంగులో దొరికిన బుజ్జి రాకుమారి కథ, జపాన్‌లో వెయ్యేళ్ల నాటిది. ఆ సినిమా చూస్తుంటే చిత్తుప్రతి కళ్లముందు కదులుతున్నట్టుంటుంది. బొగ్గుతో గీసిన గరుకు గీతలు, నీటిరంగులు, అంచుల్లో ఖాళీగా వదిలేసిన తెల్లకాగితం. పసిపాప బోర్లాపడుతుంది. కప్పల్ని చూసి వాటి వెంట పారాడుతుంది. ఊరి పిల్లలు ఒకవైపు నుంచి ముద్దుపేరుతో పిలుస్తారు, పెంచిన ముసలాయన ఇంకోవైపు నుంచి ‘రాకుమారీ’ అని పిలుస్తాడు. పాప లేచి నిలబడి తప్పటడుగులు వేస్తుంది. ఆ అడుగుల్లో తల బరువు ఉంది, పిర్రల బరువు ఉంది, పడబోయి ఆగడం ఉంది. ముసలాయన ఆగలేక పరుగెత్తుకెళ్లి ఎత్తుకుని ఏడుస్తాడు. పిల్లల్ని పెంచిన ఇళ్లలో ఈ ముచ్చట జరగనిదెక్కడ? అయినా తెరమీద ఆ నాలుగు గీతలు చూస్తుంటే, మన పిల్లలు నడిచిన రోజున మనం ఇంత శ్రద్ధగా చూశామా అనిపిస్తుంది.

అదే సినిమాలో పాప పెద్దదై, రాజధానిలో తనకి పేరుపెట్టే విందుకి వచ్చిన పెద్దమనుషులు తనని గురించి హీనంగా మాట్లాడుకోవడం విని, తలుపులు బద్దలుకొట్టుకుంటూ పరుగెత్తుతుంది. అప్పుడు గీత మారిపోతుంది. ముఖం చెదిరిపోతుంది, పొరలు పొరలుగా వేసిన పట్టుబట్టలు ఒక్కొక్కటీ దారిలో ఊడి పడిపోతాయి, రంగులు పోయి నలుపూ ఎరుపూ గీకుళ్లు మిగులుతాయి. కోపాన్ని నటి ముఖంలో చూపించొచ్చు, సంగీతంలో వినిపించొచ్చు. ఇక్కడ గీతకే కోపం వచ్చింది. గీసిన సినిమా తప్ప ఇంకేదీ ఈ పని ఇలా చెయ్యగలదని నేననుకోను.

గీతని నమ్మడం మన తెలుగువాళ్లకి కొత్త కాదు. ‘చందమామ’ పేజీల్లో చిత్రా, శంకర్, వపా బొమ్మల్ని మాటలకంటే ముందు చదువుకున్న తరాలు మనవి. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో నడుస్తుంటే, ఆ ఒక్క బొమ్మలోనే శ్మశానం అంతా కదిలేది. బాపు ఒక్క కుంచెవిసురుతో వాలుజడా, దాన్ని ముందుకి వేసుకున్న పిల్ల మనసులో ఉన్న అలకా రెండూ చెప్పేసేవారు. తన సినిమాలకి షాట్లు కూడా ముందుగా బొమ్మలుగా గీసుకునేవారాయన. ఇంత గీత ఉన్న భాషలో చేత్తో గీసిన గొప్ప పూర్తి నిడివి సినిమా రాలేదన్న బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది. సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ్’ తీసి ఆ వైపు అడుగు వేశారు. వెనక నడిచినవాళ్లు తక్కువ.

దేశంలో ఈ విద్య వేళ్లూనుకున్నది బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో. 1956లో డిస్నీ చిత్రకారుడు క్లెయిర్ వీక్స్ వచ్చి అక్కడి యువకులకి శిక్షణ ఇచ్చాడు. 1957లో వాళ్లు జాతకకథ మీద ‘ద బనియన్ డీర్’ తీశారు, అజంతా చిత్రాల ఒరవడిలో. ఆ బృందంలోని రామ్ మోహన్ తర్వాత భారతీయ యానిమేషన్‌కి పెద్దదిక్కయ్యారు. విజయా మూలే దర్శకత్వంలో భీమ్‌సేన్ బొమ్మలకి ప్రాణం పోసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ (1974) దూరదర్శన్‌లో వస్తుంటే, హిందీ ముక్క రాని తెలుగు పిల్లలు కూడా వలతో ఎగిరిపోయే పక్షుల్ని చూసి సంగతి గ్రహించారు.

రామ్ మోహన్ పేరు చెప్పాక ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ను తలచుకోవాలి. 1983లో డాక్యుమెంటరీ పనిమీద వచ్చిన జపాన్ నిర్మాత యుగో సాకో రామాయణం మీద మనసుపడి, కొయిచి ససాకి, రామ్ మోహన్‌లతో కలిసి దాన్ని గీసి తెరకెక్కించాడు. 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించారు. ఆ సినిమా గీసే రోజుల్లో జపాన్ చిత్రకారులకి పంచె ఎలా కడతారో, పెద్దవాళ్ల దగ్గర పిల్లలు ఆశీర్వాదం ఎలా తీసుకుంటారో మనవాళ్లు చెప్పాల్సివచ్చింది. రాముడు వంగి పాదాలకి నమస్కరించే ఆ కొద్ది క్షణాల వెనక అంత తెలుసుకోవడం ఉంది. మనం రోజూ చేస్తూ చూడటం మానేసిన పనిని, ఎన్నడూ చూడనివాళ్లు నేర్చుకుని గీశారు. 2025 జనవరి 24న అది తెలుగు మాటలతో మళ్లీ థియేటర్లకి వచ్చింది. ముప్పై ఏళ్ల నాటి పెన్సిల్ గీత పెద్ద తెరమీద ఏమాత్రం పాతబడలేదు.

ఈ కళని ప్రేమించేటప్పుడు దాని వెనక కష్టాన్ని కూడా ఒప్పుకోవాలి. డిస్నీలో పారదర్శకమైన సెల్ షీట్ల మీద సిరా గీతలు దిద్ది రంగులు నింపినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల పేర్లు తెరమీదికి రాలేదు. 1941లో ఆ స్టూడియో ఉద్యోగులు సమ్మె చేశారు. జపాన్‌లో కొత్తగా చేరి మధ్యబొమ్మలు గీసేవాళ్లకి బొమ్మకింత అని ముట్టే కూలి నేటికీ తక్కువే. అందాన్ని మెచ్చుకుని వేతనం సంగతి మర్చిపోవడం న్యాయం కాదు.

కంప్యూటర్ బొమ్మల మీద నాకు కినుక లేదు. పిక్సార్‌లో పనిచేసేవాళ్లు కూడా నటనని అంతే శ్రద్ధగా గమనించి పాత్రల్లో పెడతారు. మియజాకి స్టూడియో జిబ్లీ కూడా 1990ల చివరి నుంచి రంగులు కంప్యూటర్‌లోనే వేస్తోంది, గీత మాత్రం కాగితం మీదే. ఐర్లండ్‌లోని కిల్‌కెన్నీ ఊళ్లో కార్టూన్ సెలూన్ వాళ్లు ‘వుల్ఫ్‌వాకర్స్’ (2020)లో పెన్సిల్ చిత్తుగీతల్ని చెరపకుండా తెరమీదే ఉంచేశారు. నా బాధంతా 2025 మార్చిలో ఊరూవాడా పెళ్లిఫొటోల్ని, పిల్లల ఫొటోల్ని క్షణంలో జిబ్లీ బొమ్మలుగా మార్చే కృత్రిమ మేధ యంత్రాల మీద ఎగబడటం గురించే. సరదాపడ్డవాళ్లని తప్పుపట్టను. మెత్తటి రంగులు, గుండ్రటి బుగ్గలు, పెద్ద కళ్లు, పై రూపం వచ్చేసింది. అయితే ఆ ఫొటోలోని పిల్ల బూటు ఎలా వేసుకుంటుందో అక్కడ ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమే లేకుండా పోయింది. 83 ఏళ్ల వయసులో ‘ద బాయ్ అండ్ ద హెరన్’కి 2024లో ఆస్కార్ గెలుచుకున్న మియజాకి బృందం ఏడేళ్లు పనిచేసింది ఆ చూపు కోసమే.

పిల్లలకి మొదట ఏది చూపించమంటారని ఎవరైనా అడిగితే నేను ‘మై నైబర్ టొటోరో’ (1988) పేరు చెప్తాను. 86 నిమిషాలు. దుర్మార్గుడు లేడు, కొట్లాట లేదు, భాష రాకపోయినా సంగతి తెలిసిపోతుంది. వానలో నాన్న వచ్చే బస్సు కోసం ఎదురుచూస్తూ నిద్రకి తూలే నాలుగేళ్ల మెయిని అక్క వీపున ఎత్తుకునే చోట, పక్కన వచ్చి నిలబడ్డ టొటోరో గొడుగు మీద చినుకుల చప్పుడుకి మురిసి గెంతే చోట, మీ పిల్లలు ఏం చేస్తారో చూడండి. కాస్త పెద్దయ్యాక కాగుయా.