పగలని రోల్‌కి మార్కులెవరేస్తారు?

మా బ్యాచ్‌లో మెకానికల్ చదివి సగం మందిమి సాఫ్ట్‌వేర్‌లో తేలాం. నిజంగా ఇనుముతో పనిచేస్తున్నది ఒక్కడే. ఒక స్టీలు ఫ్యాక్టరీలో, రోల్ షాపులో.

ఫ్రిజ్జు తలుపైనా, కారు డోరైనా, ఆ రేకు ముందు హాట్ స్ట్రిప్ మిల్లు దాటి రావాల్సిందే. దాదాపు 1200 డిగ్రీలకి కాల్చిన స్లాబుని రోల్స్ మధ్య నొక్కి నొక్కి రెండు మూడు మిల్లీమీటర్ల రేకు చేస్తారు. రోల్ ఒక్క చుట్టు తిరిగేలోపే ఓ పక్క ఎర్రటి స్టీలు తగుల్తుంది, ఆ వెంటనే చన్నీళ్ళు పడతాయి. ఇలా వేలసార్లు జరిగేసరికి పైపొర మీద సన్నటి పగుళ్ళొస్తాయి. అందుకే కొన్ని గంటలకోసారి రోల్స్ బయటికి తీసి, గ్రైండింగ్ చేసి మళ్ళీ ఎక్కిస్తారు.

అసలు పేచీ ఇక్కడే. ఒక రోల్‌ని వ్యాసంలో మొత్తం 60 మిల్లీమీటర్లు అరగదీయొచ్చు అనుకుందాం. ప్రతిసారీ 0.3 తీస్తే 200 సార్లొస్తుంది. 0.2 తీస్తే 300 సార్లు! ఎక్సెల్ షీటులో ఎంత బాగుందో చూడండి. పైగా రోల్ షాపు పనితనాన్ని కొలిచేది మిల్లీమీటరు అరుగుదలకి ఎన్ని టన్నులొచ్చాయనే. ఇంకేం, తక్కువ తియ్యమని పైనుంచి ఆర్డరు.

కానీ పగులు లోపల మిగిలిపోతే ఊరుకోదు కదా. లోడు పడేకొద్దీ పెరిగి, ఓ రోజు పెచ్చు ఊడిపోతుంది. అప్పుడు ఆ గుంట పోయేదాకా అరగదీయాలి, లేదా రోల్ మొత్తం తుక్కుకే. మిల్లు ఆగిపోవడం అదనం.

మావాడు మొండికేశాడు. ఎడ్డీ కరెంట్ పరీక్షలో పగుళ్ళు లేవని తేలేదాకా గ్రైండింగ్ ఆపనన్నాడు. "కనపడకపోతే లేనట్టేనట్రా?" అన్నాడు నాతో. ఆ ఏడాది టన్నుల లెక్క తగ్గిందని అప్రైజల్‌లో కోత పడింది. పగలని రోల్‌కి షీటులో కాలమ్ లేదు మరి!

రోల్ ఆయుష్షు పెంచే దారులు లేకపోలేదు. 1980ల చివర్లో జపాన్‌లో మొదలైన హైస్పీడ్ స్టీల్ రోల్స్ ఉన్నాయి. నీటి నాజిల్స్ పూడిపోకుండా చూసుకోవడం ఉంది. రేకు అంచులు తగిలేచోట రోల్ ఎక్కువ అరుగుతుంది కాబట్టి వెడల్పు రేకులు ముందు, సన్నవి తర్వాత పంపడం ఉంది. వీటన్నిటికీ ఖర్చో, ఓపికో కావాలి. అంకె దిద్దుకోవడానికి అవేమీ అక్కర్లేదు.

నన్నడిగితే ఆ టన్నుల లెక్క నెలనెలా కాదు, రోల్ కొన్ననాటి నుంచి తుక్కుకెళ్ళేదాకా వెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరు మిగిల్చారో.

మన దగ్గర మాత్రం? అర్ధరాత్రి సర్వర్ లేపినవాడికి చప్పట్లు. అది పడకుండా చూసినవాడు ఏం చేస్తున్నాడో మేనేజరుకే తెలీదు. మీ టీములో అలాంటివాళ్ళ కోసం ఏదైనా కాలమ్ ఉందా?