నాలుగు వేల గాలి

పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ నాన్న కారుకి ఓ బహుమతి పట్టుకెళ్ళా. కంపెనీ ఇచ్చిన కాగితం ఎయిర్ ఫిల్టర్ తీసేసి, నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్ పెట్టించా. మూడొందలతో పోయేదానికి నాలుగు వేలన్నమాట! "గాలి ధారాళంగా పోతుంది నాన్నా, పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయి, ఉతికి మళ్ళీ వాడుకోవచ్చు" అని అరగంట క్లాసు పీకాను. నాన్న తలూపాడు.

ఆయన రోజూ నెల్లూరు నుంచి మైపాడు దగ్గర రొయ్యల గుంటలకి వెళ్తాడు. తారు రోడ్డు దిగితే ఇక గట్ల మీద మట్టి దారే. ముందు ట్రాక్టర్ పోయిందా, కాసేపు ఏమీ కనపడదు.

మొన్న జూన్‌లో వెళ్తే మెకానిక్ ఫిల్టర్ దాటాక ఇంజన్ వైపుండే గొట్టంలో వేలు పెట్టి తీసి చూపించాడు. వేలికి పౌడర్ రాసినట్టు సన్నటి దుమ్ము. నా గొంతులో పచ్చి వెలక్కాయ!

అప్పుడు కూర్చుని చదివా. పెట్రోల్ ఇంజన్‌లోకి ఎంత గాలి పోవాలో తేల్చేది ముఖ్యంగా థ్రాటిల్. పోయిన గాలిని బట్టి కంప్యూటర్ పెట్రోల్ కొలిచి ఇస్తుంది. అందుకే 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల వాళ్ళు ఇప్పటి తరహా పెట్రోల్ కార్లలో ఫిల్టర్లని కావాలని మూసి చూసినా, మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పికప్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టర్‌కే మైలేజీ తగ్గనప్పుడు, ఖరీదైనది పెడితే పెరిగేదెక్కడ?

పైగా కాగితం ఫిల్టర్ మీద దుమ్ము పేరుకునే కొద్దీ అది ఇంకా సన్నటి దుమ్ముని ఆపుతుంది. కాటన్ దానికి నూనె తక్కువైతే దుమ్ము జారుతుంది, ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సార్‌కి అంటుకునే ప్రమాదం. లోపలికి పోయిన ఇసుక రేణువులు పిస్టన్ రింగుల్ని అరగదీస్తాయి.

మన భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ వాలిడేషన్ తీసేసి ప్రోగ్రాం వేగం పెరిగిందని చంకలు గుద్దుకున్నానన్నమాట.

"ఇంతకీ మైలేజీ పెరిగిందా నాన్నా?" అన్నా. డైరీ తీశాడు. పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ రాసుకున్నాడు. అదే లెక్క, సంక్రాంతికి ముందూ తర్వాతా.

"మరి చెప్పలేదేం?"

"ఆశగా తెచ్చావు గదా అబ్బయా."

నా మనసు నొచ్చుకోకూడదని ఆర్నెల్లు ఇంజన్‌కి దుమ్ము తినిపించాడు!

మళ్ళీ కంపెనీ కాగితం ఫిల్టరే వేయించా. మట్టి దార్లలో తిరిగే కారు కాబట్టి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చమని చెప్పా. కాటన్ ఫిల్టర్ పారేద్దామంటే మాత్రం నాన్న ఒప్పుకోలేదు. కడిగి, కవర్లో చుట్టి, అటక మీద పెట్టాడు.