దెబ్బల పద్దు

ఆడే కాలూ పాడే నోరూ ఊరుకోవని పెద్దలన్నారు. పిల్లవాడు ఆటలో మోకాలు చెక్కుకుని వస్తే తల్లి పసుపు అద్ది, రెండు చీవాట్లు పెట్టి, మర్నాడు మళ్ళీ ఆటకు పంపడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నదే. "దెబ్బ తగలనిదే ఆట వస్తుందా?" అంటారు తండ్రులు. "వాడి నుదుట అలా వ్రాసి ఉంది" అని సరిపెట్టుకుంటారు ముసలమ్మలు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కాని దెబ్బలన్నీ ఒకటి కావు. అవి తోచినట్టు వచ్చి తగిలేవీ కావు. ఏ వయసు పిల్లవానికి, ఏ వేళ, ఏ అవయవానికి దెబ్బ తగలవచ్చునో చాలామట్టుకు ముందే చెప్పవచ్చును. ముందే చెప్పగలిగిన దానిని కొంతవరకైనా తప్పించవచ్చును. ఈ సంగతి నాలుగు మాటల్లో పాఠకులకు మనవి చేయాలని మా కోరిక.

మాకీ విచారం కలగడానికి కారణం మా మేనల్లుడు. ముత్తాతల నాడు మగ్గం పని వెదుక్కుంటూ షోలాపూరు చేరిన కుటుంబం మాది. మా చెల్లెలు పెళ్ళయి అమెరికాలో టెక్సాసు రాష్ట్రం చేరుకుంది. దాని కొడుకు నిరుడు ఏడవ తరగతికి వచ్చాడు. అక్కడి బళ్ళలో ఆ తరగతి నుండి పిల్లలకు ఫుట్‌బాల్ జట్లు ఉంటాయి. మావాడు చేరతానన్నాడు. చెల్లెలు వద్దంది. "మగపిల్లవాడు కాస్త రాటుదేలాలి, చేరనీ" అన్నారు బావగారు. ఇద్దరికీ పొత్తు కుదరక, "అన్నయ్యా, మేనమామవు, నువ్వొక మాట చెప్పు" అంటూ చెల్లెలు ఫోను చేసింది. సంతకం చేయమని బడివారు ఇచ్చిన కాగితాలు కూడా మాకు పంపింది.

అక్కడి ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది. జట్టుకు పదకొండుగురు. బంతి చేతబట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టువారు మీదపడి, పట్టి, నేల కూలుస్తారు. దానినే టాకిల్ అంటారు. తలకు హెల్మెట్, భుజాలకు దళసరి మెత్తలు తొడుగుతారు. మనం చెడుగుడు అనీ, ఇక్కడి మరాఠీవారు హుతుతు అనీ పిలిచే ఆటలోనూ కూతకు వచ్చినవాణ్ణి పట్టడం ఉన్నది. కాని ఇక్కడ పట్టు నాలుగడుగుల దూరంలోనిది. అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా పరుగున వచ్చి ఢీకొంటారు. తేడా అంతా ఆ వేగంలో ఉన్నది.

మేము చదివినది మెట్రిక్యులేషను. చేసేది గుమాస్తా పని. వైద్యం మా వృత్తి కాదు. అయితే ఇరవై యేళ్ళుగా లెడ్జర్లు వ్రాస్తున్నాము గనుక ఏ చిక్కునైనా పద్దులుగా విడదీసి చూడడం మాకు అలవాటు. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆ కాగితాలూ, అమెరికా వైద్యులు ప్రచురించిన విషయాలూ మూడు ఆదివారాలు చదివి, దెబ్బలకు ఒక పద్దు పుస్తకం తయారు చేశాము.

మొదటి పద్దు వయసు. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు తేలికగా ఉంటారు, వేగమూ తక్కువే. వారికి తగిలేవి చాలామట్టుకు కమిలిన గాయాలు, బెణుకులు, వేళ్ళకూ మణికట్టుకూ దెబ్బలు. పడబోతూ చేయి ఆనించడం వల్ల ముంజేతి ఎముక విరగడం కూడా కలదు. వయసు పెరిగినకొద్దీ బరువూ వేగమూ పెరిగి దెబ్బల సంఖ్యా పెరుగుతుంది, వాటి స్థానమూ మారుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ళు దాటినవారిలో మోకాలు, చీలమండ, భుజం, తల ముందుకు వస్తాయి. మోకాలిలోని లిగమెంటు తెగితే శస్త్రచికిత్స, ఆపైన నెలల తరబడి విశ్రాంతి తప్పకపోవచ్చు.

నడిమి వయసులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పిల్లల ఎముకల కొసల దగ్గర ఎముక పెరిగే పొర ఉంటుంది. మగపిల్లల్లో సుమారు పదహారు పదిహేడేళ్ళ దాకా అది గట్టిపడదు. పెద్దవానికి కీలు మడతబడితే లిగమెంటు సాగుతుంది. పిల్లవానికైతే లిగమెంటు కన్న ఆ పొరే బలహీనం గనుక అక్కడ విరగవచ్చును. పైకి బెణుకులాగే కనిపిస్తుంది. కట్టు కట్టి ఊరుకుంటే ఒక్కొక్కప్పుడు ఆ ఎముక వంకరగానో పొట్టిగానో పెరుగుతుంది. పైగా పన్నెండు పదమూడేళ్ళప్పుడు ఒకే తరగతిలో ఒకడు ముప్పైయైదు కిలోలుంటే ఇంకొకడు డెబ్బై కిలోలుంటాడు. ఇద్దరి వయసూ ఒకటే, ఇద్దరూ ఢీకొంటే ఫలితం మాత్రం ఒకటి కాదు.

రెండవ పద్దు వేళ. గంటల లెక్కన చూస్తే ప్రాక్టీసులో కన్న పందెపు ఆటలోనే దెబ్బలు ఎక్కువ. అయితే పందెం వారానికి ఒకటి, ప్రాక్టీసు నాలుగైదు రోజులు. అందుచేత ప్రాక్టీసులో రోజూ ఢీకొట్టించే కోచ్‌కూ, వారానికొకటి రెండు సార్లు మాత్రమే ఢీకొట్టించే కోచ్‌కూ చాలా భేదమున్నది. ఇక ఆగస్టు నెల ప్రమాదం వేరు. బడి సెలవుల తరువాత, అలవాటు తప్పిన శరీరంతో, మండే ఎండలో మెత్తలూ హెల్మెట్టూ తొడిగి పరుగెత్తిన పిల్లలకు వడదెబ్బ తగిలి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మొదటి రోజుల్లో మెత్తలు లేకుండా, కొద్దిసేపు మాత్రమే ఆడించి, క్రమంగా పెంచడం దానికి విరుగుడు. వడదెబ్బ తగిలితే ముందు చల్లటి నీటిలో ముంచి, వేడి దిగిన తరువాతనే ఆసుపత్రికి తరలించాలని వైద్యులు చెబుతారు.

మూడవ పద్దు తల. మేము ఎక్కువసేపు ఆగిపోయినది ఇక్కడే. "హెల్మెట్ ఉందిగా, తలకేమవుతుంది?" అని బావగారు అన్నారు. మా ఇంట్లో పెరుగు చట్టి చూచినప్పుడు దానికి జవాబు దొరికింది. తోడుకున్న చట్టికి ఎంత దళసరి గుడ్డ చుట్టినా, ఒక్క కుదుపు కుదిపితే చట్టి పగలదు, లోపలి పెరుగు చెదురుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. లోపలి మెదడు అదరకుండా ఆపలేదు. ఆ అదురుకు డాక్టర్లు కంకషన్ అని పేరు పెట్టారు. స్పృహ తప్పనక్కరలేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగినదే మళ్ళీ అడగడం, ఇవన్నీ దాని గుర్తులే. ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, మెల్లమెల్లగా చదువుకూ ఆపైన ఆటకూ మళ్ళిస్తే, ఎక్కువమంది పిల్లలు కొద్ది వారాల్లో కోలుకుంటారు. మొదటి అదురు మానకముందే రెండవది తగిలితే మాత్రం, అరుదుగానే అయినా, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఆ ప్రమాదం చిన్న వయసువారికే ఎక్కువ.

వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లీస్టెడ్ట్ అనే పదమూడేళ్ళ పిల్లవాడు ఇలాగే దెబ్బతిన్నాడు. ఆట మొదటి సగంలో తల నేలకు కొట్టుకుంది. కాసేపు పక్కన కూర్చుని, రెండవ సగంలో మళ్ళీ ఆడాడు. ఆట ముగియగానే కూలిపోయాడు. శస్త్రచికిత్స చేసి ప్రాణం దక్కించారు గాని మళ్ళీ మాట రావడానికే నెలలు పట్టింది. ఆ కుటుంబం పట్టుదలతో 2009లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. అనుమానం కలిగితే చాలు, పిల్లవాణ్ణి వెంటనే ఆట నుంచి తప్పించాలి; వైద్యుని వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే తిరిగి ఆడించరాదు; తల్లిదండ్రులు ఈ సంగతి చదివి సంతకం చేయాలి. 2014 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రాలలోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. మా చెల్లెలి చేతికి వచ్చిన కాగితాల్లో ఒకటి దాని ఫలమే. సంతకం పెట్టి పారేసే కాగితం కాదది.

ఈ పద్దులు చదివి మేము భయపడలేదు. ఒక విధంగా ధైర్యమే కలిగింది. ఎందుకంటే పద్దు తెలిసిన ప్రతిసారీ అక్కడివారు ఆటను మార్చుకున్నారు. 1905లో పలువురు యువకులు ఈ ఆటలో చనిపోగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలేజీలవారిని పిలిపించి మాట్లాడాడు; మరుసటి ఏడు నియమాలు మారి, బంతిని ముందుకు విసరడం అనుమతించబడింది. హెల్మెట్ గట్టిపడ్డాక ఆటగాళ్ళు తలనే ఆయుధంగా వాడసాగారు. మెడ విరిగి కాళ్ళూ చేతులూ పడిపోయినవారు 1976 సీజనులో ముప్పైనలుగురు. తల ముందు పెట్టి కుమ్మడాన్ని ఆ యేడే నిషేధించారు. 1984 నాటికి ఆ సంఖ్య అయిదుకు దిగింది. పాప్ వార్నర్ అనే పిల్లల ఫుట్‌బాల్ సంస్థవారు 2012లో ప్రాక్టీసులో ఢీకొట్టడానికి హద్దు పెట్టారు. 2016లో బాగా చిన్నపిల్లల ఆటల్లో కిక్ఆఫ్ ఎత్తివేశారు. నుదుటి వ్రాత అయితే నియమం మార్చినంత మాత్రాన మారుతుందా?

ఈ ఆటలోనే ఫ్లాగ్ అనే రకం కూడా ఉంది. అందులో నడుముకు రిబ్బన్లు కట్టుకుంటారు. బంతి తెచ్చేవాణ్ణి పడదోయరు, రిబ్బను లాగితే చాలు. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రంవారు 6 మొదలు 14 యేళ్ళ పిల్లల పళ్ళ కవచాల్లో సెన్సార్లు పెట్టి, తలకు తగిలే తాకిళ్ళను లెక్కించి, 2021లో ప్రకటించారు. ఒక సీజనులో టాకిల్ ఆడే పిల్లవానికి మధ్యస్థపు లెక్కన 378 తాకిళ్ళు. ఫ్లాగ్ ఆడే పిల్లవానికి 8. మా లెడ్జరులో ఇంత తేడా వస్తే ఆఫీసరు పిలిపించి సంజాయిషీ అడుగుతాడు.

ఇంత చదివినా నిర్ణయం మాత్రం పుస్తకం వల్ల కాలేదు. ఒక ఆదివారం మేనల్లుణ్ణే ఫోనులో ఎదురుగా కూర్చోబెట్టుకుని, దెబ్బల మాట ఎత్తకుండా ఒక్క ప్రశ్న వేశాము. "ఆట మధ్యలో తల తిరిగిందనుకో, కోచ్‌తో చెబుతావుటరా?" వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "చెబితే ఆడనివ్వరు కదా మామయ్యా" అన్నాడు.

పక్కనే ఉన్న బావగారు ఆ మాట విన్నారు. ఆయన ముఖం మారింది. చట్టం ఎంత గట్టిదైనా, కోచ్ ఎంత మంచివాడైనా, లోపల ఏమి జరుగుతున్నదో తెలిసినవాడు పిల్లవాడొక్కడే. వాడు దాచితే ఎవరూ ఏమీ చేయలేరు. ఇది పసితనపు దొంగతనం కాదు; జట్టు పోతుందనే భయం, తోటివారి ముందు చులకన అవుతాననే సిగ్గు. ఆ వయసులో ఆ రెండూ విరిగిన ఎముక కన్న ఎక్కువ నొప్పి పెడతాయి.

మా సలహా ఇలా వ్రాసి పంపాము. ఈ యేడు టాకిల్ వద్దు, ఊరి క్లబ్బులో ఫ్లాగ్ ఆడనివ్వండి. పై తరగతికి వెళ్ళాక మళ్ళీ అడిగితే, తల వంచి కుమ్మడం నేర్పని కోచ్, మైదానంలో దెబ్బలు చూచే శిక్షితుడు, ఢీకొట్టే ప్రాక్టీసుకు హద్దు, ఈ మూడూ ఉన్నాయేమో చూచి ఆలోచించండి. నాలుగవది మాత్రం వాడి చేతిలో ఉంది: దాచకుండా చెప్పడం. 2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్సులో ఫ్లాగ్ ఆటను చేర్చారని వాడికి గుర్తు చేశాము. అయినా మావాడు మాతో రెండు వారాలు మాట్లాడలేదు. తోటి స్నేహితులందరూ టాకిల్ జట్టులో ఉన్నారు మరి. వాడి బాధ చిన్నదని మేము అనము.

దసరా రోజుల్లో చెల్లెలు ఫోను చేసింది. బంతి పట్టబోయి మేనల్లుడి వేలు మెలిపడిందట. వాడే ఆట ఆపి, కోచ్ దగ్గరకు నడిచి వెళ్ళి చెప్పాడట. రెండు వారాలు కట్టు కట్టారు, మళ్ళీ ఆడుతున్నాడు. మాకు సంతోషం కలిగింది. దెబ్బ తగిలినందుకు కాదు, చెప్పినందుకు.

అమెరికా ఆట గొడవ మనకెందుకని కొందరు అనవచ్చును. మన కుటుంబాల పిల్లలు ఎందరో ఆ దేశంలో పెరుగుతున్నారు. అదీగాక షోలాపూరులో గాని, చెన్నైలో గాని, బరంపురంలో గాని మన పిల్లలు కబడ్డీ ఆడుతూనే ఉన్నారు. కూతకు వెళ్ళి గిరుక్కున తిరిగేవాని మోకాలు, పట్టేవాని వేళ్ళు, గట్టి నేల మీద పడ్డవాని భుజం, తల, వీటి పద్దు ఇక్కడా ఉన్నది. ఆడించే మాస్టరుగారిని తల్లిదండ్రులు వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. నేల మెత్తచేశారా? బరువును బట్టి జట్లు కట్టారా? తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆ రోజుకు ఆపుతారా? వాచిన కీలు రెండు రోజుల్లో తగ్గకపోతే బెణుకేలే అనుకోక ఎముకల డాక్టరుకు చూపిస్తారా?

అన్నిటికన్న ముఖ్యమైన పని ఇంట్లోనే ఉంది. పిల్లవాడు కుంటుతూ వచ్చిన రోజున మనం మొదట పెట్టేది చీవాటు అయితే, రెండవసారి వాడు కుంటకుండా నడవడం నేర్చుకుంటాడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. "ఎక్కడ తగిలింది నాయనా?" అని మొదట అడుగుదాము. చీవాట్లు ఆ తరువాత పెట్టుకోవచ్చును.