అరచేతికి అంటిన రంగు

మన పేపర్లో వీసాల గురించి, వంటల గురించి, ఊరి జాతరల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది కాస్త వింత సంగతి. ఆడవాళ్ళ కండల పోటీకి వెళ్ళిన ఒక అమ్మాయికి ఒంటికి రంగు వేశాను.

నేను ఇంటర్ చదివి, దోహాలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో క్లర్కుగా చేస్తున్నాను. నజ్మాలో ఒక గదిలో నలుగురం ఆడవాళ్ళం ఉంటున్నాం. నా పక్క మంచం అమ్మాయిది విశాఖపట్నం. లేడీస్ జిమ్‌లో ట్రైనర్. పేరు రాయవద్దంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఉప్పూకారం లేని చికెన్ ఉడికించి డబ్బాల్లో సర్దుకుంటుంది. ఆ వాసనకి మొదట్లో మేం గొడవపడ్డాం కూడా.

పోయిన ఏడాది ఒక శుక్రవారం నా దగ్గరకొచ్చి, "అక్కా, చిన్నప్పుడు నాటకాలవాళ్ళకి రంగు వేసేదాన్ని అన్నావు కదా, నాకు వేస్తావా?" అంది.

నేను వేసింది తక్కువ. వేసేవాడు మా బాబాయి. కోనసీమలో పద్యనాటకాలు ఆడే చోటల్లా ఆయనే మేకప్‌మాన్. సఫేదా, ఇంగిలీకం, కాటుక, కొబ్బరినూనె ఒక రేకుపెట్టెలో ఉండేవి. నేను అద్దం పట్టుకుని కూర్చునేదాన్ని. చివర్లో చెవుల వెనక, మెడ మీద మిగిలిన చోట్లు పూయడం నా పని. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే ఆశ్చర్యపోయేవారని బాబాయి కథలుగా చెప్పేవాడు. ఆడవేషాలకు అంత పేరు పొందిన ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడు ఆడదానిలా కనిపిస్తే పద్మశ్రీ ఇచ్చాం. ఈ పిల్ల చేతులు చూసి మా బిల్డింగ్ లిఫ్టులో మనవాళ్ళే ముసిముసిగా నవ్వుతారు.

తను వెళ్ళే విభాగం పేరు విమెన్స్ ఫిజిక్. ముందు ఆడవాళ్ళ బాడీబిల్డింగ్ అని ఉండేది. 2012 నవంబరులో ఈక్వెడార్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌బీబీ ఈ కొత్త విభాగాన్ని ఒప్పుకుంది. మరీ గుట్టల్లాంటి కండలు అక్కర్లేదు, ఒళ్ళంతా పొందికగా ఉండాలి. హైహీల్స్ ఉండవు, ఒట్టి కాళ్ళతో స్టేజి ఎక్కాలి. ఇవన్నీ తనే చెప్పింది.

సీసా తీసి చూపించింది. లోపల చింతపండు పులుసు రంగు నీళ్ళు. "ఇది ఒళ్ళంతా పూయాలి. నేను బాగా నల్లగా కనపడాలి" అంది.

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో కోపం కూడా వచ్చింది. ఆ పిల్ల పచ్చగా ఉంటుంది. నేను నలుపు. పెళ్ళికి ముందు మూడు సంబంధాలు నా రంగు దగ్గరే తప్పిపోయాయి. పన్నెండో ఏట మొదలుపెట్టిన తెల్లబరిచే క్రీము దోహా వచ్చాక కూడా మానలేదు. అలాంటి నా చేతికి సీసా ఇచ్చి నల్లగా చెయ్యమంటోంది.

ఎందుకని అడిగితే చెప్పింది. స్టేజి మీద లైట్లు చాలా గట్టిగా పడతాయి. తెల్లటి ఒంటి మీద ఆ వెలుగు పడితే కండకీ కండకీ మధ్య ఉండే నీడ కనపడదు, అంతా పిండిముద్దలా కనిపిస్తుంది. నలుపు మీదైతే ప్రతి గీతా తేలుతుంది. ఏడాదిపాటు పడ్డ కష్టం జడ్జీలకి కనపడాలంటే రంగు ఉండాల్సిందే. పెట్రోమాక్స్ వెలుగులో వెనక వరసవాడికి కనపడాలని బాబాయి కనుబొమలు లావుగా దిద్దేవాడు. రెండూ ఒకటేననిపించింది.

మొదటిసారి మా బాత్రూంలో వేసి చూశాం. బాగా చెడింది. మోకాళ్ళు, మోచేతులు, చీలమండలు బొగ్గులా అయ్యాయి. అక్కడ చర్మం గరుకు, రంగు ఎక్కువ పీలుస్తుంది. ముఖం వదిలేశాను, తల ఒకరిది ఒళ్ళు ఒకరిది అన్నట్టు తయారైంది. చంకల్లో డియోడరెంట్ ఉండిపోయి అక్కడ రంగు పచ్చగా తిరిగింది. ఆ మందులో డైహైడ్రాక్సీఎసిటోన్ అనే పదార్థం ఉంటుందట. అది చర్మం పై పొరతో కలిసి కొన్ని గంటల్లో రంగు తిరుగుతుంది. చెమట పట్టినా నీళ్ళు తగిలినా చారలు పడతాయి. రెండోసారికి ముందు రోజే ఒళ్ళు బాగా రుద్ది స్నానం చేయించాను. గరుకు చోట్ల ముందు కాస్త క్రీము రాసి, రంగు పల్చగా పూశాను. బాగా కుదిరింది.

పోటీ బెంగళూరులో. నా సెలవు కూడా అప్పుడే పడింది కాబట్టి ఇంటికి వెళ్ళే దారిలో రెండు రోజులు ఆగాను. లాడ్జిలో వాళ్ళ దుప్పట్లు పాడవకుండా మంచం మీద నా పాత చీర పరిచాం. రాత్రి రెండు పూతలు. చేతులు ఎడంగా పెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి, పక్షి దిష్టిబొమ్మలా ఫ్యాను కింద నిలబడింది. నీళ్ళు తక్కువ తాగుతోంది, అడుగు తీస్తే తూలుతోంది. అప్పుడు ఏడ్చింది. ఏడిస్తే చారలు పడతాయని ఏడుస్తూనే నవ్వింది. వాళ్ళమ్మ ఫోన్లో "మగరాయుడిలా ఏంటే ఆ ఒళ్ళు" అందట. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెస్తే మా వీధిలో మిఠాయి పంచారు. ఆ మాట చెప్పాను. "ఆవిడ మీద బట్టలున్నాయి కదక్కా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పొద్దున మూడో పూత వేసేసరికి గ్లౌజులు అయిపోయాయి. ఒట్టి చేతులతోనే వేశాను. ముఖానికి ఒంటికంటే కాస్త తక్కువ నలుపు ఫౌండేషన్, కళ్ళకి గాఢంగా కాటుక, పెదాలకి ఎరుపు. చివర్లో చెవుల వెనక, మెడ మీద. ఆ పని నాకు బాగా వచ్చు.

వెనక తెర పక్కన నిలబడి చూశాను. లైట్లు పడగానే వీపు మీద కండలు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి. ఆ రంగు నా రంగే. ఇంచుమించు నా చెయ్యి పక్కన పెడితే తేడా తెలియనంత. అలాంటి రంగుని అంతమంది అలా కళ్ళప్పగించి చూడటం నేనెప్పుడూ ఎరగను. నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. దిగి వచ్చి ముందు రెండు లడ్డూలు తింది.

అమలాపురం చేరేసరికి నా అరచేతులు ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. ఎంత తోమినా పోలేదు. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి వాసన చూసి, "ఏంటమ్మా ఇది" అని అడిగింది. అది మా అమ్మ దగ్గర పెరుగుతోంది. రంగు నా పోలికే. ఫోన్లో ఫొటోలు చూపించాను. ఒక్కో ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

కిటికీలో దువ్వెన పక్కన క్రీము ట్యూబు ఉంది. 2020లో ఒక పెద్ద కంపెనీ తన క్రీము పేరులోంచి తెలుపు అనే అర్థమొచ్చే మాట తీసేసింది కానీ, మా అమ్మ కొనేది మాత్రం ఆపలేదు. పిల్లకి రోజూ పూస్తోందట. "రేపు నీలాగే అవస్థ పడకూడదనే కదే" అంది. ఆ మాటకి నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. పిల్లని చూసుకుంటున్నది ఆవిడ.

నా ట్యూబు మాత్రం దోహా రాగానే పారేశాను. అక్కడి ట్యూబు సంగతి ఇంకా తేలలేదు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాను. మా విశాఖ పిల్ల ఈ ఏడాది మళ్ళీ వెళ్తానంటోంది. ఈసారి గ్లౌజులు రెండు డబ్బాలు కొనమని చెప్పాను.