లంబసింగి ఠండ్, అబ్బా సఫర్

మా పద్మనాభం పక్కగా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ, అనంతగిరి కొండల్లో పుడుతుంది. పోయిన డిసెంబర్‌లో మేం ఆ నదికి ఎదురు సఫర్ చేశాం. జీపులో అమ్మీ, ఇద్దరు ఖాలాలు, నేను, డ్రైవర్ అన్న. ఇరాదా అమ్మీది. అబ్బా దుప్పట్లు, లుంగీలు మూటగట్టుకుని ఏజెన్సీ సంతలకు తిరిగేవారు. నర్సీపట్నం మీదుగా బస్సులో చింతపల్లి వెళ్తే మళ్లీ వారానికే ఇంటికి. ఆయన ఇంతెఖాల్ అయిన ఆరేళ్లకు అమ్మీ అడిగింది, "ఆయన తిరిగిన జాగా ఒక్కసారి చూపించు బేటా" అని.

మేం అరకు దారి పట్టాం. శృంగవరపుకోట దాటగానే ఘాట్. అనంతగిరిలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. అరకులో వలిసె పూలు చూసి పెద్ద ఖాలా, "మాషా అల్లాహ్, పొలాలకు హల్దీ పెట్టినట్టుంది" అంది. దాదాపు 77 కిలోమీటర్లు మించిన సఫర్ కాబట్టి మన హనఫీ మస్లక్ ప్రకారం జొహర్ ఖసర్ చేసి రెండే రకాతులు చదివాం. మేం ముగించేదాకా డ్రైవర్ అన్న పాటలు ఆపేసి జీపు పక్కన నిలబడ్డాడు.

పాడేరు మీదుగా చింతపల్లి చేరాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు పోలీస్ స్టేషన్ మీద పడిన ఊరిదే. అమ్మీకి మాత్రం సంత కావాలి. ముసలి దుకాణదారుల్ని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. అబ్బా ఎవరికీ యాద్ లేరు. అమ్మీ ఏమీ అనలేదు. అర కిలో మిరియాలు బేరమాడి కొని, దుపట్టా కొంగున మూటగట్టుకుంది.

రాత్రి లంబసింగిలో దిగాం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. కొన్ని చలికాలాల్లో పాదరసం సున్నా దగ్గరికి దిగుతుంది. కొర్రబయలు అని ఇంకో పేరుంది. ఆరుబయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం చెప్తారు. రెండు రజాయీలు కప్పినా అమ్మీకి దమ్ము పట్టేసి రాత్రంతా కూర్చునే ఉంది. ఇన్హేలర్ చేత్తో పట్టుకుని నేనూ మేలుకునే ఉన్నాను.

ఫజర్ వేళకు అమ్మీ వజూకు లేచింది. కుళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు మొద్దుబారుతున్నాయి. జాతుస్సలాసిల్ సఫర్‌లో చలిరాత్రి గుస్ల్ చేస్తే ప్రాణానికే ముప్పని హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) తయమ్ముమ్ చేసి నమాజ్ చదివించడం, ఆ సంగతి తెలిసి రసూలుల్లాహ్ (స) నవ్వడం గుర్తుచేశాను. "మజ్‌బూరీ ఉన్నవాళ్లకు కదా అది. అదిగో, పొయ్యి వెలుగుతోంది" అంది అమ్మీ.

రోడ్డు పక్క టీ కాసే గిరిజన ఆడమనిషి అప్పటికే మంట వేసింది. అడగ్గానే సత్తు బిందెడు వేణ్ణీళ్లు ఇచ్చింది. పైసలిస్తే, "నీళ్లకి డబ్బులేటి బాబూ?" అంది. మంచులో ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనబడటం లేదు. ఆ మంట దగ్గరే చాప పరిచి ముగ్గురు ముసలమ్మలూ నమాజ్ చదివారు.

నర్సీపట్నం ఘాట్ దిగుతుంటే అమ్మీ అంది: "వచ్చినప్పుడల్లా ఖైరియత్ అడిగేదాన్ని. 'అంతా బాగానే ఉంది' అనేవారు. ఇంత ఠండ్ అని ఒక్కసారీ చెప్పలేదు చూడు."

దుప్పట్లు అమ్మడానికి వెళ్లిన మనిషి రాత్రిళ్లు తాను ఏం కప్పుకునేవారో మేమెవ్వరం అడిగినవాళ్లం కాము. అల్లాహ్ ఆయన ఖబ్ర్‌ను నూర్‌తో నింపుగాక, ఆమీన్.