ముఖం ఒక పక్కకు జారితే...

చెయ్యి విరిగితే కట్టు కట్టించుకుంటాం. జ్వరం వస్తే మాత్ర వేసుకుంటాం. మరి, రాత్రి మామూలుగా పడుకున్న మనిషికి తెల్లారేసరికి మూతి వంకరపోతే..? ఆసుపత్రికి బయల్దేరేలోపే ఇంట్లో పంచాయతీ మొదలవుతుంది. గాలి సోకిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, పక్షవాతమేనని ఇంకొకరు. కారణం ఏమిటో ఇంట్లోనే తేల్చేద్దామని కూర్చుంటే గడిచిపోయే గంటలు ఒక్కోసారి చాలా ఖరీదైనవి.

బౌరంపేట్‌లో ఒక ఇల్లాలి విషయంలో జరిగిందదే. బాచుపల్లికీ గండిమైసమ్మకీ మధ్య ఉన్న ఊరది. ఓ పక్క పాత ఇళ్లు, ఇంకో పక్క కొత్త విల్లాలు, అపార్ట్‌మెంట్లు. ఆ అపార్ట్‌మెంట్లలోని ఆడవాళ్లకి జాకెట్లు కుట్టిపెడుతూ, చీరలకి ఫాల్స్ వేస్తూ నాలుగు రాళ్లు సంపాదించుకునే మనిషి ఆమె. వయసు నలభై అయిదు. పన్నెండు రోజుల్లో కూతురి నిశ్చితార్థం. ముందురోజే సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లి చీరలు తెచ్చుకుంది. ఎడమ చెవి వెనక కాస్త నొప్పిగా ఉంటే బస్సు ప్రయాణం వల్లేనని సరిపెట్టుకుంది.

పొద్దున పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ మూల నుంచి కారిపోయాయి. ముఖం కడుక్కుంటే ఎడమ కంట్లో సబ్బు పడింది. ఆ కన్ను మూతపడటం లేదు! అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపు లాగేసినట్టుంది.

తలా ఒక మాట

‘‘నిన్న బస్సుల కిటికీ కాడ కూసున్నవ్ గదా బిడ్డా, సల్లగాలి కొట్టింది’’ అంది అత్తగారు. వెల్లుల్లి వేసి నూనె కాచింది. ‘‘లగ్గం పనులు పెట్టుకున్నరు గదక్కా, ఎవరి కండ్లో పడ్డయ్’’ అంటూ పక్కింటావిడ ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. బొల్లారంలో మందుల కంపెనీలో రాత్రి డ్యూటీ చేసి ఏడింటికి ఇల్లు చేరిన భర్త మాత్రం గుమ్మంలోనే కూలబడిపోయాడు. వాళ్ల నాన్న పోయింది పక్షవాతంతోనే మరి. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, ‘‘పసరు పోసే ఆయన ఉన్నడన్నా, రేపు పొద్దుగాల్నే తీస్కపోదం. అప్పటిదాంక ఇంగ్లీషు మందులు ముట్టియ్యొద్దు’’ అన్నాడు. మధ్యలో దగ్గర్లోని ఆర్‌ఎంపీ వచ్చి ఓ బలం ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లాడు.

ఇవన్నీ అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. మధ్యాహ్నం భోజనంలో ఆమెకి పప్పుచారు రుచి సరిగా తెలియలేదు. ప్రెషర్ కుక్కర్ కూత వేస్తే ఎడమ చెవిలో గునపం దించినట్టయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేం భయపడతారోనని! ఆఫీసు నుంచి వచ్చిన కూతురు తల్లిని చూసి, ఎవరి మాటా వినకుండా ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరు ముందుగా అడిగింది ఒక్కటే... ‘‘అమ్మా, కనుబొమలు పైకెత్తి నుదురు ముడవండి.’’ కుడివైపు ముడతలు పడ్డాయి. ఎడమవైపు నుదురు ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉండిపోయింది. చేతులు రెండూ ముందుకు చాపించాడు. నడిపించాడు. నాలుగు మాటలు మాట్లాడించాడు. చెవిలోకి లైటు వేసి చూశాడు. బీపీ, షుగర్ పరీక్షించాడు. ‘‘ఇది మెదడులో వచ్చిన పక్షవాతం కాదు. ముఖానికి వెళ్లే నరం వాచింది. దీన్ని బెల్స్ పాల్సీ అంటాం’’ అన్నాడు.

నుదురు చెప్పే సంగతి

కనుబొమ ఎగరెయ్యాలన్నా, కన్ను మూయాలన్నా, నవ్వాలన్నా, ఈల వెయ్యాలన్నా ఒకటే నరం కావాలి. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఏడోది అది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. చెవి వెనక ఎముకలో సుమారు మూడు సెంటీమీటర్ల సన్నటి సొరంగంలోంచి వచ్చి ముఖమంతా కొమ్మలుగా విస్తరిస్తుంది. ఆ సొరంగంలో ఒకచోట దారి మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. నరం కాస్త వాచిందంటే అక్కడే నలిగిపోతుంది. నాలుక ముందు భాగానికి రుచి తెలిపే తీగలూ, పెద్ద చప్పుళ్ల నుంచి చెవిని కాపాడే ఓ చిన్న కండరానికి వెళ్లే తీగా అందులోవే. పప్పుచారు చప్పబడటానికీ, కుక్కర్ కూత గుచ్చుకోవడానికీ కారణం అదే.

మరి నుదురు సంగతేమిటి? నుదుటి కండరాలకి మెదడులోని రెండు అర్ధభాగాల నుంచీ ఆజ్ఞలు వెళ్తాయి. ముఖం కింది భాగానికి మాత్రం ప్రధానంగా ఎదుటి పక్క నుంచే. అందుకే మెదడులో ఒకవైపు రక్తనాళం మూసుకుపోతే మూతి వంకరపోతుంది కానీ నుదురు మామూలుగానే ముడుచుకుంటుంది. నరమే దెబ్బతింటే నుదురు, కన్ను, మూతి... ఆ పక్కవన్నీ ఒకేసారి జారిపోతాయి.

అలాగని అద్దం ముందు నిలబడి ఎవరికి వాళ్లు తీర్పు చెప్పేసుకోకూడదు. మెదడు కాండంలో వచ్చే కొన్ని రకాల పక్షవాతాల్లో నుదురు కూడా పడిపోవచ్చు. మూతితోపాటు చెయ్యి లేదా కాలు బలహీనపడినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, నడక తూలినా, తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. బౌరంపేట్ ఇంట్లో నూనెకీ, దిష్టికీ, ఫోన్లకీ పట్టిన సమయం పది గంటలు. ఆమెకు వచ్చింది నిజంగా పక్షవాతమే అయ్యుంటే ఆ ఇంజెక్షన్ గడువు ఇంట్లోనే దాటిపోయేది.

గాలి... ఓ పాత అనుమానం

అత్తగారిని తప్పుపట్టడానికీ లేదు. పక్షవాతం అన్న మాటలోనే వాతం ఉంది. వాతమంటే గాలేగా! మన ఆయుర్వేదం మూతి వంకరపోవడాన్ని అర్దితం అంది. వాత రోగాల్లో చేర్చింది. వెయ్యేళ్ల కిందటే పర్షియా వైద్యుడు రాజీ కూడా ముఖం పడిపోవడం గురించి రాశాడు. స్కాట్లాండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ 1821లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ముఖ నరాల పని గురించి వివరించాడు. జబ్బుకి ఆయన పేరే స్థిరపడింది.

చలిగాలి వల్లే ఇది వస్తుందనడానికి ఇప్పటికీ గట్టి రుజువు లేదు. ఒకసారి ఒంట్లో చేరి నరాల్లో నిద్రపోతూ ఉండే, పెదవుల మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ మళ్లీ మేలుకోవడం వల్ల కావచ్చన్నది ఎక్కువమంది నిపుణుల అనుమానం. ఏటా లక్షమందిలో సుమారు 20 నుంచి 30 మందికి ఇది వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలోనూ, గర్భిణుల్లో ఆఖరి మూడు నెలల్లోనూ కాస్త ఎక్కువ.

అన్నీ బెల్స్ పాల్సీలు కావు

వేరే కారణాలేవీ లేవని చూసుకున్నాకే డాక్టర్లు బెల్స్ పాల్సీ అంటారు. చెవిలోకి లైటు వేసి చూసింది అందుకే. చెవి లోపలో చుట్టూనో నీటి పొక్కులు ఉంటే అది రామ్సే హంట్ సిండ్రోమ్. ఆటలమ్మ తెప్పించే వైరస్సే ఏళ్ల తర్వాత మేలుకుని చేసే పని అది. 2022 జూన్‌లో పాప్ గాయకుడు జస్టిన్ బీబర్ సగం ముఖం కదలకుండా వీడియోలో కనిపించింది ఈ జబ్బుతోనే. దీనికి వైరస్ మందులు కూడా కావాలి.

ఎన్నాళ్లుగానో చెవిలో చీము కారుతుంటే ఆ ఇన్‌ఫెక్షన్ ఎముకను తినేసి నరం దాకా రావచ్చు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలితే నరం నలగొచ్చు. రెండు పక్కలా ఒకేసారి ముఖం పడిపోతే గులియన్ బరీ వంటి నరాల జబ్బుల్ని అనుమానిస్తారు. ఒంటి మీద స్పర్శలేని మచ్చలుంటే కుష్ఠు పరీక్ష చేస్తారు. దానికి మందులు సర్కారు దవాఖానల్లో ఉచితం. ముఖం ఒక్కసారిగా కాకుండా వారాల తరబడి మెల్లమెల్లగా జారిపోతుంటే చెవి ముందుండే లాలాజల గ్రంథిలోనో, నరం దారిలోనో గడ్డ ఉందేమో చూడాలి. ఇన్నిటిలో ఏదో తేల్చడం నూనె కాచేవాళ్ల వల్లా, పసరు పోసేవాళ్ల వల్లా అయ్యే పనేనా?

డెబ్బై రెండు గంటలు

పసరు తాగితే తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. బెల్స్ పాల్సీ వచ్చినవాళ్లలో సుమారు డెబ్బై శాతం మందికి ఏ మందూ వాడకపోయినా పూర్తిగా తగ్గిపోతుంది. పేరు మాత్రం పసరుకి వస్తుంది! చిక్కంతా మిగతా ముప్పై మందితోనే. తమకు తగ్గుతుందో లేదో మొదటిరోజు ఎవరూ చెప్పలేరు.

2007లో స్కాట్లాండ్ వైద్యులు 551 మంది మీద జరిపిన పరిశోధన దీనికి దారి చూపింది. లక్షణాలు మొదలైన 72 గంటల్లోపు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్లలో తొమ్మిది నెలలకి 94 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. అది వాడనివాళ్లలో 82 శాతం. మామూలు బెల్స్ పాల్సీకి వైరస్ మందు ఒక్కటే వాడితే లాభం లేదనీ అప్పుడే తేలింది. అంటే పసరు కోసం ఊరెళ్లి, పథ్యం పట్టి, నాలుగోరోజు ఆసుపత్రికి వస్తే దాటిపోయేది ఈ 72 గంటలే. స్టెరాయిడ్ సొంతంగా వేసుకునే మందు కాదు. షుగర్ పెంచుతుంది. మధుమేహం, కడుపులో పుండ్లు, గర్భం ఉన్నవాళ్లు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పాలి.

ఆమెకి మాత్రలతోపాటు కంటి చుక్కలూ రాశారు. నిజానికి వంకరపోయిన మూతి కంటే మూతపడని కన్నే ప్రమాదం. ఎండిపోయి, దుమ్ముపడి నల్లగుడ్డు పైపొర పుండుపడితే చూపే దెబ్బతినొచ్చు. పగలు కళ్లద్దాలు, గంట గంటకీ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్పని జాగ్రత్తగా మూసి టేపు... ఇవే పద్ధతులు. ఎడమ కన్ను ఎరుపెక్కినా, నొప్పెట్టినా ఆగకుండా రమ్మని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మందు వేసుకోగానే మూతి సర్దుకోదనీ, చాలామందిలో మూడు వారాల్లోపు కదలిక మొదలవుతుందనీ చెప్పి పంపాడు.

ఫొటోలో ఎవరు?

మూడు వారాలు. నిశ్చితార్థానికేమో పన్నెండు రోజులే!

ఆ ఇంట్లో అసలు బాధ అప్పుడు మొదలైంది. మాత్రలు వేసుకుంటూనే ఉన్నా ఆమె గడప దాటలేదు. కుట్టడానికిచ్చిన జాకెట్ల కోసం వచ్చినవాళ్లకి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడింది. కుట్టేటప్పుడు పెదవుల మధ్య గుండుపిన్నులు పట్టుకోవడం ఆమెకు అలవాటు. ఇప్పుడవి జారిపోతున్నాయి. ‘‘మగపిల్లగాని తరఫోళ్లు సూస్తే ఏమనుకుంటరు? నేను లోపల్నే ఉంట. మీ నాయన, నాయినమ్మ పీటల కాడ ఉంటరు తియ్’’ అంది కూతురితో. మూతి వంకరపోయిన మనిషి నవ్వినా ఏడ్చినట్టే కనిపిస్తుంది. మాట్లాడితే వెక్కిరించినట్టు ఉంటుంది. ఆ బాధ ఏ స్కాన్‌లోనూ కనిపించదు.

కెనడాకి 1993 నుంచి 2003 దాకా ప్రధానిగా పనిచేసిన జాన్ క్రెటియెన్‌కి చిన్నతనంలోనే బెల్స్ పాల్సీ వచ్చి ముఖం ఒకవైపు అలాగే ఉండిపోయింది. 1993 ఎన్నికల్లో అధికార పక్షం ఆయన వంకర ముఖాన్ని చూపిస్తూ టీవీలో ప్రకటన వేసింది. జనం మండిపడ్డారు. ప్రకటన వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కినవి రెండే సీట్లు.

అంత పెద్ద కథ ఆ కూతురికి తెలియకపోవచ్చు. ఆమె చేసింది చిన్న పనే. కాబోయే అత్తగారికి తనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అవతలి నుంచి వచ్చిన జవాబు కూడా చిన్నదే... ‘‘గంతేనా? మా సెల్లెకు గూడ గట్లనే అయ్యి తగ్గింది. అమ్మను పీటల మీదనే కూసోమను.’’

ఆమె కూర్చుంది. అప్పటికి ఎడమ పెదవి మూల కొద్దిగా, చాలా కొద్దిగా కదులుతోంది. రెండు నెలలకి కన్ను పూర్తిగా మూతపడింది. ఇప్పటికీ బాగా అలసిపోయిన రోజున నవ్వు కొంచెం కుడివైపుకి మొగ్గుతుంది. కొందరిలో నరం మళ్లీ పెరిగేటప్పుడు తీగలు కలగాపులగమై, నవ్వితే కన్ను మూతపడటం, తింటుంటే కన్నీళ్లు కారడం వంటివీ కనిపిస్తాయి. వాటికి ముఖ వ్యాయామాలు, ఇతర చికిత్సలు ఉన్నాయి. మూడు నెలలైనా కదలికే రాకపోతే మాత్రం మళ్లీ పరీక్షలు చేయించాలి. మొదట్లో కనపడని కారణం ఏదైనా అప్పుడు బయటపడొచ్చు.

నూనె కాచాలనుకున్నా, దిష్టి తీయాలనుకున్నా ఎవరూ అడ్డుపడరు. అది వాళ్ల ప్రేమ. కాకపోతే అవన్నీ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక పెట్టుకోవాలి. ఏ గంటకి మొదలైందో ఓ కాగితం మీద రాసుకుని, వాడుతున్న మందుల చీటీ పట్టుకుని ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ అడిగే మొదటి ప్రశ్న అదే... ‘‘ఎప్పుడు మొదలైంది?’’