ప్లగ్ ఓసారి ముట్టుకోండి బావా

అరిజోనా అంటే ఎడారి, మండే ఎండ అనుకుంటాం. కానీ అక్కడి ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాదాపు 7000 అడుగుల ఎత్తులో ఉంటుంది. డిసెంబర్ రాత్రుల్లో సున్నా డిగ్రీల కిందికి పోవడం మామూలే. మొన్న సెలవుల్లో మా అక్కావాళ్ళు ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని, ఆ రాత్రి అక్కడ ఆగారు. మోటార్‌హోమ్ అంటే బస్సంత బండిలో మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న ఇల్లు. గోడలు మాత్రం పల్చన. లోపల 8 నెలల మా మేనకోడలు.

బండిలో ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే ఫర్నేస్ ఉంది. కానీ దాని ఫ్యాన్ మోతకి పాప లేచి ఏడుస్తోందని బావ 1500 వాట్ల చిన్న ఎలక్ట్రిక్ హీటర్ కొన్నారు. పార్కులో కరెంటు ఎలాగూ అద్దెలోనే కలిసి ఉంది, గ్యాస్ ఖర్చు మిగులుతుందని ఆయన లెక్క.

అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఇక్కడ పొద్దున్న పది. వీడియో కాల్‌లో అమ్మ "హీటర్ పాప పక్కనే పెట్టండమ్మా" అంటోంది. నా కళ్ళు హీటర్ మీద లేవు, దాని వైరు మీదున్నాయి. ఇంటి నుంచి తెచ్చిన సన్నటి ఎక్స్‌టెన్షన్ కార్డు, సగం చుట్ట చుట్టి కార్పెట్ కింద దూర్చేశారు.

"ప్లగ్ ఓసారి ముట్టుకోండి బావా" అన్నాను.

"ఏం కాదు బామ్మర్దీ, మీ ఇంట్లో గీజర్ 2000 వాట్లు కాదూ?" అంటూనే పట్టుకుని, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

మన గీజర్‌తో పోలికే తప్పు. మన దగ్గర 230 వోల్టులు, అక్కడ 120. అదే 1500 వాట్ల హీటర్ ఇక్కడ ఆరున్నర ఆంపియర్లు లాగితే అక్కడ పన్నెండున్నర లాగుతుంది. వైరులో, ప్లగ్ పిన్నుల దగ్గర పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుందని ఫస్టియర్‌లోనే చదివాం కదా. అంటే వదులుగా ఉన్న అదే జాయింట్ అక్కడ మూడున్నర రెట్లకు పైగా కాలుతుంది. చుట్ట చుట్టిన వైరుకి ఆ వేడి బయటికి పోయే దారి కూడా లేదు.

"బ్రేకర్ ఉందిగా?" అన్నారు బావ. బ్రేకర్ చూసేది ఎన్ని ఆంపియర్లు పోతున్నాయనే. ప్లగ్ కరిగిపోతున్నా కరెంటు హద్దులో ఉన్నంతసేపు అది కిమ్మనదు.

కార్డు తీసేసి హీటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టించాను, అదీ 750 వాట్ల మీద. కరెంటు సగమైతే జాయింట్ వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. పది నిమిషాలాగి మళ్ళీ ముట్టుకోమన్నాను. గోరువెచ్చగా కూడా లేదు. పాప దుప్పట్లకీ కర్టెన్‌కీ మూడడుగుల దూరంలో, నేల మీద గట్టిగా నిలబెట్టమన్నాను. బండి మొత్తానికి వచ్చేది 30 ఆంపియర్లే కాబట్టి మైక్రోవేవ్‌ని ఆ రాత్రికి మర్చిపోమన్నాను.

అమ్మకి ఇదేం నచ్చలేదు. "పోనీ కాసేపు గ్యాస్ పొయ్యి వెలిగించుకోండి" అంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు పొద్దున్న లేవని వార్తలు మనకి తెలియనివి కావు. అదే కార్బన్ మోనాక్సైడ్ ప్రొపేన్ పొయ్యి నుంచీ రావచ్చు. ఫర్నేస్ పొగ బయటికి పోవడానికి గొట్టం ఉంటుంది, పొయ్యికి ఉండదు. అక్క చేత కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ నొక్కించాను. దాని అరుపుకి పాప లేచింది. నన్ను నాలుగు తిట్టింది అక్క.

ఇంకో మెలిక: చాలా బళ్ళలో ఫర్నేస్ వేడిగాలే కింద ఉన్న నీళ్ళ పైపుల్నీ కాపాడుతుంది. అది పూర్తిగా ఆపేస్తే గది వెచ్చగా ఉన్నా పైపులు గడ్డకట్టొచ్చు. అందుకే పడుకునే ముందు హీటర్ ఆపేసి, రాత్రికి ఫర్నేస్‌నే తక్కువ మీద పెట్టుకోమన్నాను. మోత తప్పదు మరి.

పాప రెండుసార్లు లేచిందట. తెల్లారాక చూస్తే ఎక్స్‌టెన్షన్ కార్డు సాకెట్ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంది. "ఫోన్ చార్జింగ్‌కి పనికొస్తుందిలే" అని బావ బ్యాగులో పెట్టబోతుంటే, అక్క కత్తెర తెచ్చి దాన్ని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసింది.